గండి పూడాక మోగిన డప్పు

గాయాల వార్డు పెద్ద డాక్టరు పరాంకుశం గారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు, ఆయన ఊరి కథ వస్తుంది. ఆ సంగతి తెలిసీ ఆయన శిష్యురాలు మృణాళినికి ఆ ఉదయం అడగక తప్పలేదు. సున్నపు బట్టీలో పనిచేసే ఓబులేసు కాలిమీద ఇరవై ఏళ్లనాటి కాలిన మచ్చ. దాని మధ్య ఎనిమిది నెలలుగా మానని పుండు. ఒంట్లోని కణాలను పెరగమని పిలిచే కొత్త మందు ఆమె చేతిలోనే ఉంది. ఇప్పుడే పూయవద్దని గురువుగారు ఆపారు.

"పనికెళ్లి ఎన్నాళ్లయిందో తల్లీ, ఆ మందేదో పూసెయ్యమ్మా," అని ఓబులేసు బతిమాలుతుంటే ఆమె గురువుగారి వైపు తిరిగింది.

"గాయం మాన్పడానికే కదండీ ఈ మందు! దీనికి భయమెందుకండీ?" అంది కాస్త కోపంగానే.

పరాంకుశం గారు కుర్చీ లాక్కుని తమ ఊరి సంగతి ఎత్తుకున్నారు. కాలువకు గండి పడితే పోలయ్య గట్టెక్కి డప్పు కొట్టేవాడట. అది మోగినంతసేపూ ఇంటికొకరు తట్టతో మట్టి పోయాలి. గండి వంక ఎవరూ చూడరు, అందరి చెవీ డప్పు మీదే. గట్టు సమానం కాగానే పోలయ్య ఆపేసేవాడు. పోలయ్య చనిపోయాక అతని మేనల్లుడు డప్పు అందుకున్నాడు. తన దరువుకు ఊరంతా పరుగెత్తుకొస్తుంటే అతనికి ఒళ్లు తెలియలేదు. గండి పూడినా కొడుతూనే ఉన్నాడు, జనం పోస్తూనే ఉన్నారు. మట్టి కాలువలోకి దిగి తూము మూసుకుపోయింది, దిగువ పొలాల్లో నారు నిలువునా ఎండిపోయింది. తట్టలు మోసినవాళ్లలో ఆ పొలాల వాళ్లూ ఉన్నారు.

మృణాళిని మళ్లీ పుండు దగ్గర కూర్చుంది. అంచులు ఉబ్బి గట్టిపడి ఉన్నాయి. కొత్త కండ పడుతోందని వారం రోజులుగా సంబరపడింది దాన్ని చూసే. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. ఇది గండి పూడినా ఆగని మట్టి లాంటి పెరుగుదలైతే, దాని మీద ఈ మందు ఇంకో డప్పే. అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

అయిదో రోజున ఫలితం వచ్చింది: క్యాన్సరు. ఇంకా ఎముకకు దిగలేదు. పుండును చుట్టూ ఉన్న మంచి చర్మంతో సహా కోసి తీసేశారు. ఓబులేసుకు కాలు దక్కింది.

ఆపరేషను అయిన సాయంత్రం మృణాళిని మందు ట్యూబు గురువుగారి బల్లమీద పెట్టింది. "దీన్ని పారేయమంటారాండీ?"

పరాంకుశం గారు దాన్ని ఆమె వైపు జరిపారు.

"ఎందుకమ్మా? రేపు ఇంకెక్కడా గండి పడదా?"