దేవసహాయం గారు భోజనానికి వెళ్లినప్పుడు

కంప్యూటర్ల గురించి ఏది అడిగినా విశ్వపతి మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసేవారు కాదు. తాను ఎరిగిన ఒక మనిషి సంగతి చెప్పేవారు. సామర్లకోటలో ఆయన నడిపే సాయంత్రపు క్లాసుకు వచ్చేవాళ్లంతా ఉద్యోగస్తులే. కొందరికి ఆ పద్ధతి నచ్చేది, కొందరికి విసుగు పుట్టేది.

సుభాషిణి ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ముప్పై కంప్యూటర్ల బాగోగులు చూసేది. ఒకరోజు ఆమె నోట్‌బుక్కు చేత్తో పట్టుకుని, నిలబడే అడిగింది.

"మాస్టారూ, నాకేమీ పాలుపోవడం లేదండి. ఒకసారి చదివిన ఫైళ్లను సిస్టం మెమరీలోనే అట్టిపెట్టుకుంటే మళ్లీ చదవడం త్వరగా అవుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ వాటికి చోటు చాలకపోతే, ఊరికే ఉన్న ప్రోగ్రాంలను తీసుకెళ్లి డిస్కులో పడేస్తోంది. వాటిని మళ్లీ పిలిస్తే ఎంతకీ రావు. దేనికి ఎంత చోటివ్వాలో మనం ఒక అంకెతో చెప్పొచ్చట. ఒక పుస్తకం అరవై అంటుంది, ఇంకొకటి పది అంటుంది, మా సీనియర్ సున్నా పెట్టెయ్ అంటాడు. ఏది సరైనది?"

మాస్టారు ఆమెను కూర్చోమని, తానెరిగిన ఒకాయన సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

పదిహేనేళ్ల కిందట ఆయన బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సులో కంప్యూటర్లు చూసేవారు. అక్కడ ప్రూఫులు దిద్దే దేవసహాయం గారికి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆయన కంప్యూటర్లో ఉండేది. అది చదువుతుంటే విని తప్పులు పట్టేవారు. ఆయన చెవికి దొరకని తప్పు లేదని ప్రెస్సులో అందరూ అనేవారు.

ఆ కంప్యూటర్లోనే మెమరీ కాస్త ఎక్కువ. అందుకని ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన గంటలో, పాత పుస్తకాలన్నిటి నుంచీ పదాల పట్టిక తయారుచేసే పనిని విశ్వపతి దాని మీద నడిపేవారు. ఆ పనిలో అవే ఫైళ్లను నాలుగైదు సార్లు చదవాలి. ఒకరోజు విశ్వపతి ఆ అంకె మార్చి, ఫైళ్లకు ఎక్కువ చోటిచ్చారు. గంట పట్టే పని ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోయింది. మేనేజరు పిలిచి మరీ మెచ్చుకున్నాడు.

అదేరోజు దేవసహాయం గారు భోంచేసి వచ్చి కుర్చీలో కూర్చుని ఒక మీట నొక్కారు. మాట లేదు. ఇంకోటి నొక్కారు. లేదు. చూపున్నవాళ్లకైతే తెర కనిపిస్తుంది, కాసేపు ఆగుదాంలే అనుకుంటారు. ఆయనకు ఆ గొంతే తెర. కరెంటు పోయిందా? నెత్తి మీద ఫ్యాను గాలి తగులుతోంది. మిషను చచ్చిందా? పెట్టె మీద చెయ్యి వేస్తే వెచ్చగానే ఉంది, లోపల డిస్కు గరగరలాడుతోంది. తాను కూర్చున్నది వేరేవాళ్ల కుర్చీలోనేమో అని బల్ల అంచులు తడిమి చూసుకున్నారు. కంగారులో తోచిన మీటలన్నీ నొక్కారు.

ఫైళ్లకు చోటిచ్చి డిస్కులోకి వెళ్లిన ఆ చదివే ప్రోగ్రాం తిరిగొచ్చేలోపు, కంప్యూటరు ఆ నొక్కులన్నిటినీ దాచిపెట్టుకుంది. అది రాగానే వరసగా అన్నీ అమలుచేసింది. వాటిలో ఒకటి పుస్తకం మూసెయ్యమని. తర్వాతిది, దిద్దినవి ఉంచాలా అన్న ప్రశ్నకు వద్దని. పొద్దుటి నుంచీ దిద్దిన పదో తరగతి లెక్కల పుస్తకంలో నలభై పేజీల దిద్దుబాట్లు ఎటో పోయాయి. పరీక్షలకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

విశ్వపతి సిగ్గుతో కుంగిపోయారు. మర్నాడు అసలు డిస్కులోకి దేన్నీ పంపొద్దని సిస్టాన్ని కట్టడి చేశారు. దేవసహాయం గారు బొమ్మలున్న పెద్ద పాఠం ఒకటి తెరిచారు. మెమరీ నిండింది. దేన్నీ డిస్కులోకి నెట్టే వీలు లేక, సిస్టం ఆ చదివే ప్రోగ్రాంనే చంపేసింది. ఈసారి ఎంతసేపు ఆగినా గొంతు రాలేదు.

"నిన్న ఆలస్యంగానైనా వచ్చింది. ఇవాళ అదీ లేదు. ఏం చేశావు బాబూ?" అన్నారు దేవసహాయం గారు.

"మీకు వేగంగా ఉండాలని..." అని నసిగారు విశ్వపతి.

"వేగం నేనడగలేదే. అది ఉందో లేదో తెలియాలి నాకు. అంతే."

ఆ రోజు విశ్వపతి ఆ కంప్యూటరు తెర ఆపేసి, కళ్లు మూసుకుని, ఆయన పక్కనే సాయంత్రం దాకా కూర్చున్నారు. అంకె కొంచెం మార్చడం, ఇద్దరూ లేచి వెళ్లడం, తిరిగొచ్చి మీట నొక్కి వినడం. ఎన్నిసార్లు చేశారో లెక్కలేదు. చివరికి ఒకచోట గొంతు వెంటనే పలికింది. పదాల పట్టిక మాత్రం ఇరవై అయిదుకు బదులు యాభై నిమిషాలు పట్టింది. మేనేజరు మొహం ముడుచుకున్నాడు. దేవసహాయం గారు ఆదివారం కూడా వచ్చి ఆ నలభై పేజీలూ మళ్లీ దిద్దారు. పుస్తకం పరీక్షలకు నాలుగు రోజుల ముందు పిల్లల చేతికందింది. ఆలస్యం ఎవరివల్ల అయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

సుభాషిణి కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. "ఆ చివరి అంకె ఎంతండీ?"

"అదే అంకె పక్క గదిలో అకౌంటెంటు కంప్యూటరుకు పెడితే అది మొరాయించింది," అన్నారు మాస్టారు.

ఆమె తల పట్టుకుంది. "అంటే మరి నేను ఏది పెట్టాలి? ఇంకా అయోమయంగా ఉంది మాస్టారూ."

"మీ ఆఫీసులో ఎవరు ఏ పని మధ్యలో కుర్చీలోంచి లేస్తారో, తిరిగొచ్చి మొదట ఏం నొక్కుతారో తెలుసా?"

సుభాషిణి కలం బల్ల మీద పెట్టింది. "తెలీదండి."

"మరి అంకె ఎవరికోసం అడుగుతున్నావమ్మా?" అన్నారు మాస్టారు.