ఫ్యాక్టరీ గేటు ముందు మట్టి గంగమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, గుమ్మడేరు వంపు తిరిగే చోట, గవరమ్మ అని ఒక కుమ్మరామె ఉండేది. ఊఁ కొట్టు మరి! ఊఁ కొట్టకపోతే కథ అలిగి వెళ్ళిపోతుంది. ఆఁ, అలాగ.

గవరమ్మకి మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఉన్నవి కుండలు చేసే సారె, కుండలు కాల్చే ఆవం, ఎవరికీ జంకని నోరు. ఆ నోరంటే ఊరంతటికీ హడలు.

ఏటి రేవులో మన్ను తెచ్చి ఆమె కుండ చేసిందంటే, వేలితో కొడితే ఖంగుమనేది. అందులో తోడేసిన పెరుగు కత్తితో కోసుకోవచ్చు. ఆ మన్నే ఆమెకి కూడు, ఆ మన్నే ఆమెకి గుడ్డ.

ప్రతి వేసవిలో ఆ ఊళ్ళో గంగమ్మ జాతర. అమ్మవారి బొమ్మని గవరమ్మే చెయ్యాలి, ఆ రేవు మన్నుతోనే చెయ్యాలి. అప్పుడు అమ్మవారిని గుమ్మం గుమ్మానికీ తిప్పుతారు. గుమ్మం ముందు దించాక ఆ ఇంటి పెద్ద తన చేత్తో, ఏటినీళ్ళతో, ఆవిడ కాళ్ళు కడగాలి. కడిగేదాకా ఆవిడని అక్కణ్ణుంచి ఎత్తకూడదు. అన్ని గుమ్మాలూ అయ్యాక ఏట్లో కలిపేస్తారు.

అలా ఉండగా రాయుడుగారని ఒకాయన ఏటి ఒడ్డున బట్టలకి రంగులేసే ఫ్యాక్టరీ పెట్టాడు. ఒకరోజు ఏరు ఎర్రగా పారేది, ఒకరోజు ఆకుపచ్చగా పారేది. నీలాంటి బుడంకాయలు చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత చేపలు వెల్లకిలా తేలాయి. అప్పుడు పై అధికారులు వచ్చి గట్టిగా కసిరితే రాయుడుగారు గొట్టం మూసేశాడు. నీళ్ళు తేటపడ్డాయి. ఏరు బాగుపడిందని ఊరంతా సంబరపడింది.

గవరమ్మ మాత్రం రేవులో దిగి మన్ను తీసి చూసింది. నల్లగా, జిగటగా, ముక్కు పగిలే కంపు. దాంతో చేసిన కుండలు ఆవంలోనే పగిలిపోయాయి. ఆమె చేతుల నిండా పొక్కులు లేచాయి. నీళ్ళు పారిపోయేవి నాన్నా, మన్ను ఉండిపోయేది. ఇన్నేళ్ళూ తాగించిన విషమంతా మన్ను కడుపులో దాచుకుంది.

అప్పుడు గవరమ్మ తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్ళింది. "రాయుడుగారూ, గొట్టం మూశారు సరే, మన్ను సంగతేంటి? మీ రంగుమడ్డంతా మా ఏటి అడుగునా, గట్టునా పేరుకుపోయింది. అది తీయించండి" అంది.

"ఓస్, అంతేనా!" అన్నాడు రాయుడుగారు. లారీల మీద తెల్లటి ఇసక తెప్పించి రేవంతా కప్పించాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆ తర్వాత శ్రావణంలో వరదొచ్చింది. ఇసక ఇసకదారిన సముద్రానికి పోయింది. నల్లమన్ను ఉన్నచోటే పళ్ళికిలించుకుని కూర్చుంది.

గవరమ్మకి ఒళ్ళు మండింది. "ఒకరి దయేంటి, మనమే తవ్వేద్దాం" అంది. ఊరిపెద్ద బంగారునాయుడు సరేనన్నాడు. ఎండలకి ఏరు సన్నబడ్డాక తట్టా పారా పట్టుకుని ఊరంతా దిగింది. తవ్విన మన్ను ఎక్కడ పోశారనుకున్నావు? పొలాల్లో! చెరువు పూడిక తీసి చేలకి తోలడం వాళ్ళకి తాతలనాటి అలవాటు. పూడికమన్ను చేనుకి నెయ్యి లాంటిది కదా! ఇది ఆ మన్ను కాదన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అంత నోరున్న గవరమ్మకీ రాలేదు.

ఆ తర్వాత నాయుడి వంగతోట నిలువునా మాడిపోయింది. తొలకరి వానకి చేలల్లోని నల్లమన్ను కరిగి మళ్ళీ ఏట్లోకే జారింది.

"నీ మాట విన్నందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి" అన్నాడు నాయుడు.

గవరమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది. తప్పు తనదే మరి. ఆ పూట అన్నం సహించలేదు. మన్నుని తీసేస్తే చాలదు, అది మళ్ళీ కదలని చోట పెట్టాలి, ఆ చోటు మన పొలం కాకూడదు అని అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి.

రాయుడుగారు మీసం చాటున నవ్వుకున్నాడు. "చూశారా, కదపకుండా ఉంటే పోయేది" అన్నాడు. అప్పుడు గట్టుమీద పచ్చగడ్డి పరిపించి, బెంచీలు వేయించి, ఉయ్యాల కట్టించి, పార్కు అన్నాడు. రిబ్బను కత్తిరించాడు. "ఈ మన్ను శుభ్రం. ముట్టుకుంటే ఏమీ కాదు" అని మైకులో చెప్పాడు. పిల్లలు చెప్పుల్లేకుండా ఆడారు. వారం తిరక్కుండా వాళ్ళ అరికాళ్ళు పుండ్లుపడ్డాయి. పుండుకి పట్టుగుడ్డ కప్పితే మానుతుందా, నువ్వే చెప్పు? నాకైతే తల్చుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

మళ్ళీ జాతర దగ్గరపడింది. నాయుడు వచ్చి, "గవరమ్మా, ఈసారికి ఎగువూరి మన్నుతో చేసెయ్. రాయుడుగారే ట్రాక్టరులో పంపిస్తానన్నారు" అన్నాడు.

అన్నట్టే ఎర్రమన్ను ఆమె వాకిట్లో పడింది. వెన్నముద్దలా ఉంది. సారె తిరిగి ఎన్నాళ్ళయిందో, గవరమ్మ చేతులు దానివైపే లాగాయి పాపం. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అయినా పిడికెడు ముట్టుకోలేదు.

"ఈ మన్ను ఒక్కసారి తీసుకున్నామంటే, మన మన్ను మనకి అక్కర్లేదని ఒప్పుకున్నట్టే మావా" అంది.

అప్పుడు ఏం చేసిందో తెలుసా? చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. రేవులోకి దిగి ఆ నల్లమన్నే తెచ్చి గంగమ్మని చేసింది. పసుపు పూస్తే పసుపే నల్లబడింది.

"అపచారం!" అన్నారు జనం. "ఇంత కంపుకొట్టే అమ్మవారేంటి?"

"ఆ తల్లి ఒళ్ళు పాడుచేసింది నేనా?" అంది గవరమ్మ. "ఏరు ఎలా ఉంటే ఆవిడా అలాగే ఉంటుంది. మనం తలొంచుకోవాల్సిన పనేం లేదు. మొదటి గుమ్మం ఏదో ఆవిడకి తెలుసు. పట్టండి పల్లకి!"

అప్పుడు నాయుడు తువ్వాలు నడుముకి బిగించి పల్లకి ముందుకొమ్ము భుజానికెత్తుకున్నాడు. "మాడిన వంగతోట తరఫున నాకూ ఒక మొక్కుంది" అన్నాడు. దాంతో తక్కినవాళ్ళూ వచ్చి పట్టారు.

డప్పులు మోగుతుంటే పల్లకి ఫ్యాక్టరీకి వెళ్ళింది. గేటుకి సరిగ్గా నడిమధ్యన అమ్మవారిని దించారు.

రాయుడుగారు పట్టుపంచె కట్టుకుని, దండం పెట్టుకుంటూ వచ్చాడు. ముందు సీసానీళ్ళు తెమ్మన్నాడు. "ఏటినీళ్ళే బాబూ" అని గవరమ్మ చెంబు ముందుకి తోసింది. ఆయన వంగాడు. చెయ్యి చాచాడు. ఆ నల్లటి పాదాల దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి గుమస్తాతో, "ఒరేయ్, ఆ రబ్బరు తొడుగులు పట్రా" అన్నాడు.

డప్పులు ఆగిపోయాయి.

"ఏం బాబూ, ముట్టుకుంటే ఏమీ కాదన్నారుగా?" అంది గవరమ్మ. "మరి మా పిల్లల కాళ్ళకి తొడుగులు ఎవరిచ్చారు?"

రాయుడుగారి ముఖం కందగడ్డయింది. లోపలికి పోయి గేటు వేయించుకున్నాడు. కాళ్ళు కడగలేదు గనక అమ్మవారిని ఎత్తకూడదు. ఎవరూ ఎత్తలేదు. లోపలి లారీలు లోపలే, బయటి లారీలు బయటే.

రాయుడుగారు ముందు మిఠాయి బుట్టలు పంపాడు. జనం వాటిని ముట్టుకోలేదు, అక్కడే గంజి కాచుకుని తాగారు. ఆ తర్వాత పోలీసుల్ని పంపాడు. వాళ్ళు బూట్లు విప్పి, అమ్మవారికి మూడు చుట్లు తిరిగి, లెంపలేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఒక పంతులుగారిని పంపాడు, కడక్కుండానే ఎత్తెయ్యొచ్చని చెప్పమని. ఆయన ఆ కంపుకి ముక్కు మూసుకుని, "ముందు ఏరు కడగండి నాయనా" అని దారిపట్టాడు.

చివరికి రాయుడుగారు తనే వచ్చాడు. "ఏం కావాలి గవరమ్మా నీకు?"

"మా మన్ను" అంది గవరమ్మ.

అప్పుడు మొదలైంది అసలు పని, రాయుడుగారి ఖర్చుతో. ఎండాకాలంలో ఏటికి అడ్డంగా కట్ట వేసి నీళ్ళని ఒక పక్కకి మళ్ళించారు. అడుగున ఉన్న నల్లమన్ను తీసి, చుక్క కారకుండా మూతలున్న బళ్ళలో తోలారు. పార్కు గడ్డీ, ఉయ్యాలా పీకేసి గట్టు కూడా తవ్వారు. పనివాళ్ళందరికీ తొడుగులు, బూట్లు. మాడిన చేలల్లో మన్ను కూడా గీకి తీశారు. ఫ్యాక్టరీ సొంత దొడ్లోనే పెద్ద గుంట తీసి, దళసరి ప్లాస్టిక్ పట్టాలు పరిచి, అందులో పోసి, పైన కప్పి మూశారు. ఆ తర్వాత గట్టున మంచిమన్ను పోసి వట్టివేరు నాటారు. గవరమ్మ రోజూ ఒడ్డున కూర్చుని, "అదిగో, అక్కడ ఇంకా నలుపుంది! కళ్ళు ఇంటిదగ్గర పెట్టొచ్చారా?" అని కేకలేసేది.

ఒక వేసవి చాల్లేదు. రెండో వేసవీ చాల్లేదు. అంతకాలమూ అమ్మవారు తాటాకు పందిరి కింద గేటు ముందే కూర్చుంది, పని మొదలయ్యాక ఊరు ఒప్పుకుంటే లారీలు పక్కన గోడ పగలగొట్టుకుని అటునుంచి తిరిగాయి. మూడో వేసవికి ఏటి అడుగున అసలు మన్ను బయటపడింది. అధికారులు వచ్చి పరీక్షలు చేసి బాగుందన్నారు. గవరమ్మ కూడా ఒక కుండ చేసి, కాల్చి, వేలితో కొట్టి చూసుకుంది. అప్పుడు గట్టుమీద చతికిలబడి పసిపిల్లలా ఏడ్చింది. సంతోషానికే లే, నువ్వేం కళ్ళు తుడుచుకోనక్కర్లేదు.

ఆ తర్వాత రాయుడుగారు హమ్మయ్య అనుకుంటూ వచ్చాడు. "ఇంక అమ్మవారిని తీసుకెళ్ళి ఏట్లో కలిపెయ్యండమ్మా" అన్నాడు.

"ఏట్లోనా?" అంది గవరమ్మ. "ఏరు కడిగారు గనక కాళ్ళు కడిగినట్టే, ఎత్తుతాం. కానీ ఆవిడ ఒళ్ళంతా మీ విషమే బాబూ. ఇంత కష్టపడి తీసింది మళ్ళీ కలుపుకుంటామా? ఆవిడ మీ దొడ్లో, ఆ గుంట మీదే ఉంటుంది. అక్కడొక గూడు కట్టించండి. గుంట చెమ్మగిల్లిందేమో, పట్టా చిరిగిందేమో చూసుకోడానికి ఏటేటా జాతర మీ గేటులోంచే వస్తుంది."

"ఎన్నాళ్ళు?" అన్నాడు రాయుడుగారు.

"ఆ విషం ఉన్నన్నాళ్ళు" అంది గవరమ్మ. "తలుపులు రెండూ బార్లా తియ్యండి. పల్లకి వస్తోంది."

కథ కంచికి,
కావలి గుంటకి,
మనం ఇంటికి,
నిద్ర నీ కంటికి.