ఎత్తని ఫోను

ఎల్లాజీ రాసిన ప్రోగ్రాం అతని అన్న ఫోను దగ్గరే ఆగిపోయింది. అన్న ఎత్తడం లేదు. ప్రోగ్రాం వదలడం లేదు. బయట చూస్తే సముద్రం రంగు మారిపోతోంది.

భీమిలి ఐసు ఫ్యాక్టరీ మేడమీద గది మాది. మాదంటే మస్తాన్ మాస్టారిది. పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక, ఆఫీసులవాళ్ళు పారేసిన కంప్యూటర్లు తెచ్చి, వాటిని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నాకూ ఎల్లాజీకీ, వచ్చినవాళ్ళకల్లా నేర్పేవారు. లినక్స్ అందరి సొత్తు. లోపల ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, దిద్దింది నలుగురికీ ఇవ్వొచ్చు. మాస్టారు ఈ మాట ఒక్కసారి చెప్పి ఊరుకున్నారు. మా ఎల్లాజీ ఊరుకునే రకమా? రేవులో వలలు బాగుచేసుకునే ముసలాళ్ళని కూడా కూచోబెట్టి చెప్పేవాడు. వాళ్ళు పాపం చుట్ట కాల్చుకుంటూ వినేవాళ్ళు.

అతని ప్రోగ్రాం మంచిదే, ఒప్పుకోవాలి. తుఫాను హెచ్చరిక రాగానే చుట్టుపక్కల రేవుల పడవలన్నిటికీ ఒకటి తర్వాత ఒకటిగా ఫోను చేసి, గాలి రేగుతోంది, ఒడ్డుకు వచ్చేయండి అని తెలుగులో చెబుతుంది. ఎత్తేదాకా వదలదు. ఏ ఒక్కర్నీ వదలకూడదని ఎల్లాజీ పట్టుబట్టి అలా రాశాడు. రాసి, లినక్స్ లాగే అందరూ చూసేలా నెట్‌లో పెట్టాడు.

పెట్టాక కన్యాకుమారి నుంచి పెరైరా అని ఎవరో ఒకాయన చూసి దిద్దుబాటు పంపాడు. "ఒకరు ఎత్తకపోతే తర్వాతివాళ్ళకి వెళ్ళాలి, మళ్ళీ తిరిగి రావాలి. ఇది రాసినవాడు సముద్రం మొహం చూసినట్టు లేదు" అని కింద ఒక మాట తగిలించాడు.

ఇంకేముంది. తాతల నాటినుంచి వేటకెళ్ళే ఇంటివాడు ఎల్లాజీ. ఒళ్ళు మండిపోయింది. దిద్దుబాటు తిప్పికొట్టాడు. ఆయన మళ్ళీ ఏమీ రాయడానికి వీల్లేకుండా దారి కూడా మూసేశాడు. మాస్టారికి చెబితే, ఊఁ అన్నారంతే.

ఇవాళ పొద్దెక్కాక నిజంగానే హెచ్చరిక వచ్చింది. మొదట్లో అందరూ బాగానే ఎత్తారు. తర్వాత వేటకెళ్ళిన అన్న నంబరు వచ్చింది. అక్కణ్ణించి మోగుతూనే ఉంది. వరసలో ఆ వెనకున్న పడవలవాళ్ళెవరికీ కబురు అందలేదు. నేను నా ఫోనులో కొడుతూనే ఉన్నాను గానీ, అన్ని రేవులకీ నేనొక్కదాన్ని ఎంతమందికని కొట్టను? అవతలివాళ్ళు ఎత్తి "ఎవరమ్మా?" అంటుంటే నేనెవరో చెప్పుకోవడానికే సమయం పోతోంది. చచ్చేంత భయమేసింది.

"టవర్ పోయిందేమో" అన్నాడు ఎల్లాజీ. అంతలోనే, "కంప్యూటరు పాతది కదా, అందుకే అయ్యుంటుంది" అన్నాడు. చివరికి కుర్చీలోంచి లేవబోయాడు. "మాస్టారూ, మీరు కూచోండి. మీరే రాయండి. నా చేతులు ఆడట్లేదు."

మాస్టారు కూచోలేదు. మూలనున్న స్టూలు తెచ్చి ఎల్లాజీ పక్కన వేశారు. భుజం మీది తువ్వాలుతో దాని మీది దుమ్ము దులిపారు. దులిపి, తను పక్కకి తప్పుకుని నిలబడ్డారు.

"ఇది ఎవరికి మాస్టారూ? ఎవరొస్తున్నారు?"

"వచ్చాడుగా. నువ్వే బయట నిలబెట్టావు."

ఎల్లాజీ మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు వంక చూశాడు. మళ్ళీ తెర మీద మోగుతున్న నంబరు వంక చూశాడు.

"ఆ పెరైరా చెప్పినట్టు చేస్తే అన్నని వదిలేసి పోయినట్టే కదా మాస్టారూ" అన్నాడు. చంటిపిల్లాడిలా అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ముందు ఆయన్ని కూచోమను బాబూ."

తిప్పికొట్టిన దిద్దుబాటు వెతికి బయటికి తీశాడు ఎల్లాజీ. దాన్ని పెరైరా పేరుతోనే తన ప్రోగ్రాంలో కలిపాడు. మీట నొక్కేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

ప్రోగ్రాం అన్న నంబరు వదిలేసింది. తర్వాతి నంబరు మోగింది, ఎత్తారు. ఆ తర్వాతిదీ ఎత్తారు. ఆపైన వరసగా ఎత్తుతూనే ఉన్నారు. ఓ పడవ ఎత్తకపోతే పక్కకి వెళ్ళి, మళ్ళీ దాని దగ్గరికి వచ్చింది. అన్న దగ్గరికీ వచ్చింది. అన్న ఈసారీ ఎత్తలేదు. ప్రోగ్రాం ముందుకెళ్ళిపోయింది. ఎల్లాజీ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని అలాగే కూచున్నాడు. ఆ గదిలో ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.

అప్పుడు ఎల్లాజీ ఫోను మోగింది. కొర్లయ్య చినాన్న. వెనకాల గాలి హోరు మాక్కూడా వినిపిస్తోంది.

"ఒరే ఎల్లాజీ, మీ పోను ఒచ్చింది, తిరిగొచ్చేస్తన్నాం. మీ అన్న పడవ మా పక్కనే ఉంది. ఇంజను మోతలో ఆడికి పోను ఇనపళ్ళేదంట. కేకేసి చెప్పీసినాను. ఆడూ తిప్పీసినాడు."

ఎల్లాజీ ఫోను బల్ల మీద పెట్టేశాడు. తల వంచుకుని చాలాసేపు ఏడ్చాడు. మాస్టారు ఓదార్చలేదు. కిటికీ దగ్గర నిలబడి, ఇంకా ఒడ్డుకు రాని పడవల కోసం చూస్తున్నారు.

మొహం తుడుచుకుని, పెరైరాకి మూసిన దారి తెరిచాడు ఎల్లాజీ. రాద్దామని వేళ్ళు మీటల మీద పెట్టాడు. ఒక్క అక్షరమూ పడలేదు.

"ఏం రాయను మాస్టారూ? క్షమించమంటే సరిపోతుందా?"

మాస్టారు కిటికీలోంచి తల తిప్పలేదు.

"ఇంకేం తప్పులున్నాయో అడుగు" అన్నారు.