నాగభూషణం బదులు

పరంజ్యోతయ్యగారు ఏ ప్రశ్నకీ వాదనతో జవాబు చెప్పేవారు కాదు. ఒకనాడు శిష్యురాలు వకుళ అడిగింది: "గురువుగారూ, తోటివాడి లోపం కళ్లారా చూస్తూ కూడా చూడనట్టు ఊరుకుంటాం. దాన్ని దయ అంటారు. నాకైతే అది అబద్ధంలాగే ఉంది. కాదంటారా?"

ఆయన నిడదవోలులో దైవాదీనం అనే దర్జీకి జరిగింది చెప్పారు.

దైవాదీనం కుర్రతనంలో సరదాకి క్లారినెట్ నేర్చుకున్నాడు. దుకాణం పెట్టాక దాన్ని అటకెక్కించాడు. పదహారేళ్లు దాని మొహం చూడలేదు. ఒక వానాకాలం ఉదయం, ముక్కూ మొహం తెలియని మనిషి దుకాణం మెట్టెక్కాడు. పేరు కోటిలింగం, కొవ్వూరు బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు.

"మా క్లారినెట్టాయన నాగభూషణం తెల్లారగట్ల పోయాడండి. నలభయ్యేళ్లు ఊళ్లో అందరి పాడెల ముందూ వాయించినోడు. ఆయన పాడె ముందు క్లారినెట్ లేకపోతే ఎలాగండీ? మీకొచ్చని ఎవరో చెప్పారు."

"ఎప్పటి మాటండీ అది! నా పెదవి నిలబడదు. మీ మేళం పరువు తీసేస్తాను."

"తీస్తే తీశారు. రండి" అన్నాడు కోటిలింగం.

దైవాదీనం మధ్యాహ్నానికి కొవ్వూరు చేరాడు. పోయినాయన క్లారినెట్టే చేతికిచ్చారు, ఆయన కోటే తొడిగారు. భుజాలు జారుతున్నాయి, చేతులు రెండంగుళాలు పొడుగు. చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో తెలిసిన మొహం లేదు. గుమ్మంలో కూర్చున్న నాగభూషణం భార్య ఆ కోటు వంక ఒక్కసారి చూసి, మొహం తిప్పుకుంది.

తుంపరలో పాడె లేచింది. వాయించేది తెలిసిన తత్వమే. కానీ వీళ్లు నిదానంగా, పై శ్రుతిలో ఎత్తుకున్నారు. చరణం పైకి వెళ్లేసరికి అతని పెదవి వదిలేసింది, స్వరం చీలిపోయింది. సరిగ్గా అప్పుడే డ్రమ్ము గట్టిగా మోగి ఆ చీలికని కప్పేసింది. ట్రంపెట్లు అక్కణ్ణించి పాట అందుకున్నాయి. ఏదో కలిసొచ్చిందనుకున్నాడు. రెండో చరణంలో అతను తడబడక ముందే డ్రమ్ము లేచింది. మూడోసారీ అంతే. ఎవరూ అతని వంక తిరిగి చూడలేదు. గోదావరి గట్టు దాకా జనంలో ఒక్కరికీ తప్పు వినిపించలేదు. సంతోషించాల్సింది పోయి, దైవాదీనానికి గుబులు పట్టుకుంది.

చితి అంటుకున్నాక, కోటు విప్పి ఇస్తూ కోటిలింగాన్ని అడిగాడు. "మనం కలిసి వాయించడం ఇదే మొదలు కదండీ. నేనెక్కడ తప్పుతానో మీకెలా తెలిసింది?"

కోటిలింగం డ్రమ్ము మీద తడి తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"ఆయనా అక్కడే తప్పేవాడండి. రెండేళ్లయింది, ముందు పళ్లు కదిలిపోయి. నా చెయ్యి అలవాటు పడిపోయింది."

"ఆయనకి చెప్పలేదా?"

"మాకందరికీ చెయ్యి పట్టుకుని నేర్పినోడండి. ఏ నోటితో చెప్తాం?"

తిరుగు రైలు కోసం స్టేషనులో కూర్చున్నప్పుడు దైవాదీనానికి ఏడుపొచ్చింది. ఆ నాగభూషణాన్ని అతను పాడె మీద తప్ప ఎన్నడూ చూసినవాడు కాదు. అయినా ఆపుకోలేకపోయాడు.

పరంజ్యోతయ్యగారు ఇంతటితో ఆపారు. వకుళ ఊరుకోలేదు. "అయితే పాపం, ఆ పెద్దాయన తన వాయింపు చక్కగానే ఉందనుకుంటూ పోయాడన్నమాట. మోసం కాదా గురువుగారూ?"

"బ్యాండులో క్లారినెట్ ముందు వరసలో నడుస్తుందమ్మా" అన్నారాయన. "ఆ రెండేళ్లూ నాగభూషణం తనంతట తనే వెనక్కి వచ్చి, డ్రమ్ముని ఆనుకుని నడిచేవాడట."