బొడ్డు కోయక ఆగిన చోటు

ఎర్రమెట్టలో బస్సు దిగి వాగు వెంట కొంత దూరం నడిస్తే, రేకుల కప్పు కింద నడుమెత్తు నల్లరాయి కనబడుతుంది. గోపురం కోసం వెతకనక్కరలేదు. ఆ రాయే ఆగమ్మ తల్లి. గర్భిణులకు, బాలింతలకు కొంగుబంగారం.

పూర్వం ఇక్కడ నూకాలు అనే మంత్రసాని ఉండేది. చెయ్యి మహా చురుకు. బిడ్డ భూమ్మీద పడీపడగానే బొడ్డు కోసేసేది. నెలలు నిండని బిడ్డయితే మరీ తొందర. ఆలస్యమైతే తల్లి కడుపులోని మాయ బిడ్డ ప్రాణాన్ని వెనక్కి లాగేసుకుంటుందని ఆ ఊరివారి నమ్మకం. అలా బొడ్డు కోసిన పసికందులు ఎందరో పాలిపోయి, రెండు మూడు రోజులకే కన్నుమూసేవారు. ఆయుష్షు అంతేననుకునేవారు. నూకాలు కూతురు పైడమ్మకు ఏడో నెలలోనే పుట్టిన ఇద్దరు బిడ్డలూ అలాగే పోయారు. వాళ్ల బొడ్డు కోసిందీ నూకాలే.

మూడోసారి పైడమ్మకు ఏడో నెల వచ్చింది. నూకాలుకు ముద్ద దిగడం లేదు. ఒక మధ్యాహ్నం వాగులో బట్టలు ఉతికి, ఈ రాతికి ఆనుకుని కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ కనబడి, "మడి తడవకముందే కాలవకు అడ్డకట్ట వేస్తావేమే? మాయ లాక్కోవడం లేదు, బిడ్డకు ప్రాణం పారిస్తోంది. ఆగు!" అని కసిరింది. ఉలిక్కిపడి లేచేసరికి, పైడమ్మకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది.

బిడ్డ పిడికెడంత ఉంది. మూలుగు తప్ప ఏడుపు లేదు. బొడ్డుతాడు నూకాలు వేళ్ల కింద ఇంకా కొట్టుకుంటోంది.

"కొయ్యి వదినా! చూస్తూ కూర్చుంటావేం? ఇదీ పోవాలా?" అని వియ్యపురాలు అరిచింది.

"ముందు ఇద్దరికీ చకచకా కోశాను కదా వదినా. ఎవరు మిగిలారు?"

నూకాలు కత్తిని కాలికింద అదిమిపెట్టింది. బిడ్డను తుడిచి, వెచ్చగా కప్పి, తాడు మీద వేళ్లుంచి కూర్చుంది. కొట్టుకోవడం మెల్లగా నెమ్మదించి ఆగిపోయింది. అప్పటికి బిడ్డ ఒంటికి ఎరుపు తిరిగింది. అప్పుడు కోసింది. ఆ పిల్ల బతికింది.

మర్నాడు ఊళ్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులంతా వచ్చారు. దండం పెట్టడానికి కాదు.

"మరి నా కొడుక్కెందుకు ఆగలేదే, నూకాలూ?" అని చినపోలి అడిగింది.

"తెలియలేదమ్మా" అన్నది నూకాలు. మనవరాలిని ఉయ్యాలలో వేసిన రోజున కూడా కూతురి ఇంటి గడప తొక్కలేదు. ఈ రాతి దగ్గరే గుడిసె వేసుకుని, వచ్చిన ప్రతి మంత్రసానికీ ఆగడం నేర్పుతూ ఇక్కడే పోయింది.

కాన్పులు ఆసుపత్రులకు చేరినా ఇక్కడి ఆచారం మారలేదు. శుక్రవారం రాతిమీద బిందెడు నీళ్లు పోస్తారు. చివరి చుక్క జారేదాకా ఎవరూ చెయ్యి చాపరు. తొలి తీర్థం బిడ్డను పోగొట్టుకున్న తల్లికి. నిండు చూలాలైనా ఆమె వెనకే నిలబడాలి. ఆమె గొంతు తడిశాకే మిగిలినవారికి అమ్మవారి దీవెన అందుతుందని ఇక్కడి విశ్వాసం.