కందిరీగల కాపలా

గుమ్మం ముందు చెప్పుల చప్పుడు వినగానే మొహం ముడుచుకునేవాడా, నీకే చెబుతున్నాను. తల పక్కకు తిప్పుకోకు. ‘ఇంకెవరికోలే’ అనుకోకు. కూర్చుని చివరిదాకా విను.

ఎద్దులే గానుగలు తిప్పిన కాలంలో, పురుగూ పుట్రా కూడా మనిషితో మాటాడిన కాలంలో, గడలపాడు అనే ఊరు ఉండేది. ఊరి చుట్టూ చెరకు. ఊరి చివర గవరయ్య ఇల్లు. పెరట్లో గానుగ, గానుగ పక్కన తాటాకు పాక, పాకలో బెల్లం వండే పెద్ద పెనం.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట పెనం దింపినా మొదటి గరిటె పాకం అక్కడికి వచ్చినవారిది. అరటాకు ముక్క మీద పోసి, చల్లారాక చేతిలో పెట్టాలి. అడగనక్కరలేదు. వచ్చి నిలబడితే చాలు.

గవరయ్య భార్య బతికి ఉన్నన్నాళ్లు ఆ గరిటె ఆమె చేతిలో ఉండేది. ఆమె పోయింది. ఇంట్లో గవరయ్య, ఆరేళ్ల కూతురు పైడి మిగిలారు. గరిటె గవరయ్య చేతికి వచ్చింది. ఆ చెయ్యి ప్రతిసారీ కాస్త తక్కువ పోసేది.

‘ఎండలో చెరకు కొట్టింది నేను. పొగలో కళ్లు పోగొట్టుకుంటున్నది నేను. నాకడానికి మాత్రం ఊరంతా!’ అని లోలోపల కుమిలేవాడు.

ఒకనాడు పాక వాసానికి ఉసిరికాయంత గూడు కనిపించింది. దాని మీద ఒక కందిరీగ కూర్చుని ఉంది. బొటనవేలంత ఒళ్లు, ఎర్రటి తల, నడుముకు పసుపు పట్టీ. రెక్కలు కదిపితే రాట్నం తిప్పినట్టు మోత.

గవరయ్య చీపురు ఎత్తాడు.

“కొట్టకు గవరయ్యా” అంది కందిరీగ. “నేను రాణిని. ఈ వాసం మీద జానెడు చోటు ఇవ్వు. పెనం అంచున అంటుకున్న పాకం ఇవ్వు. నిన్నూ నీ బిడ్డనూ కుట్టను. పైవాళ్లను మాత్రం ఈ పాకలో అడుగు పెట్టనివ్వను.”

గవరయ్య చీపురు దించాడు. నెమ్మదిగా నవ్వాడు.

నెల తిరిగేసరికి గూడు గుమ్మడికాయంత అయింది. పెనం దింపే వేళకు పిల్లలు ఎప్పటిలాగే పరుగెత్తుకుంటూ వచ్చారు. గుంపు లేచింది. ఒకడి చెవి వంకాయలా ఉబ్బింది, ఒకడి కన్ను మూసుకుపోయింది. ఏడుస్తూ పారిపోయారు.

ఆ ఊరి కుమ్మరి సింహాద్రి వచ్చి వాకిట్లోనే నిలబడి అన్నాడు. “ఏటి గవరయ్యా, పిల్లల్ని అలా కుడితే ఊరుకుంటావా? పొగ పెడదాం, రా.”

“నా పాక, నా వాసం. పాపం, నోరులేని జీవాలు. వాటి జోలికి వెళ్లమని మీ పిల్లలకు ఎవరు చెప్పారు?”

“నోరులేనివా! మా అబ్బాయి బంగారి చెవి చూస్తే తెలుస్తుంది వాటికి నోరుందో లేదో” అని గొణుక్కుంటూ సింహాద్రి వెళ్లిపోయాడు.

పాకలోకి ఇక ఎవరూ రాలేదు. మొదటి గరిటె కూడా బెల్లం దిమ్మలోనే కలిసింది.

పాక నిశ్శబ్దమైంది కానీ వసారా కాలేదు. సాయంత్రం ఆ వీధి ఆడవాళ్లు నలుగురు వచ్చి వసారాలో కూర్చునేవారు. తల్లి లేని పిల్ల కదా అని పైడికి తల దువ్వి జడ వేసేవారు. జడ వేసినంతసేపూ కబుర్లు. పోతూ పోతూ ‘గవరయ్యా, కాస్త మజ్జిగ ఉందా?’ అనేవారు.

రాణి అడిగింది. “మా సంసారం పెరిగింది. వసారా దూలం ఇస్తావా?”

“తీసుకో” అన్నాడు గవరయ్య.

వారం రోజుల్లో ఆడవాళ్లు రావడం మానేశారు. “ఓలమ్మో, జడ కోసం ప్రాణాలు పోగొట్టుకుంటామా!” అంటూ ఆఖరి ఆమె కొంగు తలమీద కప్పుకుని పరుగెత్తింది. దువ్వెన వసారాలోనే పడిపోయింది. పైడి దాన్ని తీసి దాచుకుంది. దువ్వడం గవరయ్యకు చేతకాలేదు. పిల్ల జుట్టు రోజురోజుకూ ఉండలు కట్టింది.

ఇక మూడోది గుమ్మం. గవరయ్యకు ఒక్కతే చెల్లెలు, నరసమ్మ. రెండు ఊళ్ల అవతల కాపురం. ఒకరోజు బండి కట్టించుకుని వచ్చింది. వీపుతో కందిరీగల మోతను తోసుకుంటున్నట్టు వంగి లోపలికి దూరింది. మేనకోడలిని చూసి దగ్గరికి లాక్కుంది.

“అన్నయ్యా, ఈ పిల్ల గుంట జుట్టు ఇదేంటి? ఆడుకోను ఒక్కరైనా లేరా? నాతో పంపు. నాలుగు నెలలు ఉంచుకుని పంపిస్తాను.”

‘పిల్ల పేరు చెప్పి రెండు దిమ్మలు బండెక్కిద్దామని వచ్చింది’ అనుకున్నాడు గవరయ్య. “నా బిడ్డను పెంచుకోవడం నాకు తెలుసు. నువ్వు నీ ఇల్లు చూసుకో” అన్నాడు.

చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. “మళ్లీ వస్తాను. వద్దన్నా వస్తాను” అంది.

ఆమె బండి మలుపు తిరగకముందే రాణి వచ్చి వాలింది. “గుమ్మం పైకమ్మీ ఇస్తావా?”

“దానికేం. అదీ తీసుకో.”

ఆనాటినుంచి గవరయ్య కోరుకున్నదే జరిగింది. పాకలోకి పిల్లలు రారు, వసారాలోకి ఆడవాళ్లు రారు, గుమ్మంలోకి తోబుట్టువు రాదు. గదినిండా బెల్లం దిమ్మలు పేరుకున్నాయి. ఇంటినిండా ఒకటే మోత, రెక్కల మోత. మాట వినిపించేది కాదు.

ఒక మధ్యాహ్నం పైడి మూలన కూర్చుని అచ్చనగాయలు ఆడుతోంది. ఒకసారి ఎడమ చేత్తో, ఒకసారి కుడి చేత్తో.

“నీ వంతు అయిపోయింది. ఇక నాది” అంది.

“కాదు, నువ్వు దొంగాట ఆడావు” అని తనే జవాబు చెప్పింది.

“అయితే నీతో పచ్చి, ఇక మాట్లాడను” అంది తనే. కాయలన్నీ పక్కన పెట్టి మోకాళ్ల మీద తల వాల్చింది.

గవరయ్య గుమ్మం దగ్గర నిలబడి అది చూశాడు. అయినా చూడనట్టే వెళ్లి పొయ్యి ఎగదోశాడు. ఆ ఒక్క గడియలో మేలుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మరునాడు దూరంగా పిల్లల కేకలు వినిపించాయి. పక్క వీధిలో ఇంకెవరిదో పెనం దింపుతున్నారు. పిల్లలంతా అటు పరుగెత్తుతున్నారు. పైడి కూడా “నేనూ! నేనూ వస్తున్నా!” అంటూ గుమ్మంలోంచి దూకింది. తలుపు గూటికి తగిలింది.

గవరయ్య వచ్చేసరికి పిల్ల గడప మీద పడి ఉంది. మొహం పొంగిపోయింది. ఊపిరి ఈలలా వస్తోంది. ఎత్తుకుని లోపలికి తెచ్చి, పైకి చూసి అరిచాడు.

“నా బిడ్డను కుట్టనని మాట ఇచ్చావు!”

“ఇచ్చాను” అంది రాణి. “నేను కుట్టలేదు. కుట్టినవాళ్లు ఆ మాట తరువాత పుట్టారు. కొత్తవాళ్లకు మనుషుల్లో తేడా ఎలా తెలుస్తుంది గవరయ్యా? ఈ గుమ్మంలోకి ఎవరు వచ్చినా తరమాలి అన్నదొక్కటే నీ దగ్గర నేర్చుకున్నారు.”

గుమ్మం నిండా కందిరీగలు ముసిరాయి. గవరయ్య పెరటి గోడ ఎక్కి కేక వేశాడు. వీధిలో ఎవరూ లేరు. ఆ దారిన నడవడం ఊరు ఏనాడో మానేసింది. రెండో కేక వేశాడు. ఒక కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. మూడో కేకలో మాట లేదు, ఉత్త ఏడుపే ఉంది.

కుమ్మరిసారె తిప్పుకుంటున్న సింహాద్రి అది విన్నాడు. మట్టిచేతులతోనే లేచాడు. “గుంటకేదో అయింది. రండిరా!” అన్నాడు. తడిగోనెలు కప్పుకుని ఐదుగురు వచ్చారు. ఇద్దరు పెరటి గోడ పడగొట్టి పిల్లను బయటికి తెచ్చారు. ముగ్గురు పచ్చివేపాకు, తడిగడ్డి పోగేసి పొగ పెట్టారు. వచ్చినవాళ్లలో ఆనాడు కన్ను మూసుకుపోయిన పిల్లాడి తండ్రి కూడా ఉన్నాడు. ఒక్కరూ గవరయ్యను ఒక్క మాట అనలేదు.

పొగలోంచి గుంపు లేచింది. పోతూ రాణి అంది. “నీ మీద మాకు కోపం లేదు. చోటిచ్చావు, ఉన్నాం. పొగ పెట్టావు, పోతున్నాం. మాకు ఇంకో చెట్టు దొరుకుతుంది.”

మూడు రోజులకు పైడి కళ్లు తెరిచింది. నాలుగోనాడు నరసమ్మ వచ్చి పిల్లను భుజాన వేసుకుంది.

“చెల్లెమ్మా, దీన్ని తీసుకుపోతే నాకెవరున్నారు?” అన్నాడు గవరయ్య.

“ఎవరున్నారో నువ్వే వెతుక్కో అన్నయ్యా. నువ్వు పిలవకుండా, వాళ్లంతట వాళ్లు ముగ్గురు మనుషులు నీ వసారాలో వచ్చి కూర్చున్న రోజున కబురు పెట్టు. ఆ రోజే పిల్లను తెచ్చి దింపుతాను.”

గవరయ్య దూలాలు కడిగాడు, వసారా అలికాడు, చాపలు పరిచాడు, మజ్జిగ కుండ బయట పెట్టాడు. ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఊరికి కోపమేమీ లేదు. దారిలో కనిపిస్తే పలకరించేవారు. పిల్లలకు ఇంకో పెనం అలవాటైంది. ఆడవాళ్లకు ఇంకో వసారా అలవాటైంది. కాళ్లు ఇటు తిరగడం మరిచిపోయాయి, అంతే.

ఒక ఏడు గడిచింది. రెండో ఏడు గడిచింది. ఓపికగా తలుపు తెరిచి ఉంచి, ఉన్నది పంచుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో తెలియదు. గవరయ్యకు ఆ ఓపిక లేదు. మూడో ఏట దారిన పోయే ముగ్గురు బండివాళ్లను ఆపి, తలా ఒక దిమ్మ ఇస్తానని వసారాలో కూర్చోబెట్టాడు. చెల్లెలికి కబురు పంపాడు.

బండి వచ్చి ఆగింది. బండిలో పైడి ఉంది. రెండు జడలు, జడలకు కనకాంబరాలు. వసారాలో మనుషుల్ని చూసి పిల్ల మొహం వెలిగింది. దిగబోయింది.

నరసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, బండివాళ్లలో ఒకణ్ని అడిగింది. “ఏ పని మీద వచ్చావు నాయనా?”

వాడు అబద్ధం తెలియనివాడు. “బెల్లం ఇస్తానంటే కూర్చున్నానమ్మా. ఇంకెంతసేపు కూర్చోవాలో ఆయన చెప్పలేదు” అన్నాడు.

నరసమ్మ బండి తిప్పించింది. పైడి వెనక్కి చూస్తూనే ఉంది. తరువాత చూడడం మానేసింది.

పదేళ్లకు పైడి పెళ్లి అయింది. భార్య లేనివాడు పీటల మీద కూర్చోకూడదు గనుక నరసమ్మ, ఆమె భర్త కన్యాదానం చేశారు. గవరయ్య తన పెనంలో వండిన మేలైన బెల్లం బండినిండా వేసుకుని వెళ్లి, పందిరి అంచున నిలబడ్డాడు. మగపెళ్లివారిలో ఒక పెద్దమనిషి ఆదరంగా దగ్గరికి వచ్చాడు.

“తమరు పిల్లకు ఏమవుతారు?”

గవరయ్య పందిరిలోకి చూశాడు. పైడి చుట్టూ పదిమంది ఆడవాళ్లు నవ్వుతున్నారు.

“బెల్లం తెచ్చినవాణ్ని” అన్నాడు.

“ఓహో, అలాగా. బండివాళ్ల పంక్తి అటువైపు వేశారు. కడుపునిండా తిని వెళ్లండి.”

విన్నావా, ఇంటికి వచ్చేవారిని తరమడానికి విషాన్ని కాపలా పెట్టినవాడు చివరకు కన్నబిడ్డ పెళ్లిలో పరాయివాడిగా భోంచేశాడు. అతడు చెల్లించిన వెల అది.