నక్క తీగ, మేక వెన్ను

ఎర్రగుట్టల అడవికి వానలు మొహం చాటేసి రెండేళ్ళయింది. అడవి మొత్తంలో పచ్చగా మిగిలింది రాజుగారి కంచ ఒక్కటే. అంటే, చుట్టూ ముళ్ళకంప వేసి కరువు రోజుల కోసం కాపాడుకున్న గడ్డి మైదానం. సింహం తాతగారి నాటి కట్టుబాటు ఒకటుంది: రాజ్యంలో నూటికి ఇరవై మించి పిల్లలు పస్తులుంటే కంచ తెరవాలి. ఇరవై దాటిందో లేదో కొలిచి చెప్పే పని మంత్రి జంబన్నది. జంబన్న నక్క.

నక్కకి గడ్డితో ఏం పని అంటారేమో. గడ్డి ఏపుగా ఉంటేనే కదా, నక్క నక్కి కూర్చునేది, కుందేలు దగ్గరికొచ్చేది! కంచే చేను మేస్తే ఇంక చెప్పుకునేదెవరికి?

కొలత రోజున జంబన్న పిల్లలన్నిటినీ వాగు దగ్గరికి పిలిపించాడు.

"ముందా ఉప్పురాయి నాకండర్రా. రాజుగారి పనిమీద వచ్చినవాళ్ళని చప్పటి నోటితో పంపిస్తే మాకు పరువు తక్కువ" అన్నాడు.

పిల్లలు నాకాయి. దాహం పుట్టి కడుపుబ్బేలా నీళ్ళు తాగాయి. అప్పుడు తీశాడు, ఒకే కొలతకి ముడేసిన తిప్పతీగ. పొట్ట చుట్టూ బిగుతుగా ఉంటే 'నిండు', వదులైతే 'పస్తు'.

చుక్కలమ్మ అనే మేక తన పిల్ల మచ్చడిని మెల్లగా నడిపించుకొచ్చింది. నాలుగు రోజులుగా వాడికి ఎండుటాకులే మేత. కాళ్ళు వణుకుతున్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. ఇంకో వారం ఇలాగే గడిస్తే బిడ్డ దక్కడని తల్లికి తెలుసు.

"నిండు!" అన్నాడు జంబన్న.

"అయ్యా, అవి నీళ్ళండీ. లోపల గడ్డిపోచ లేదు."

"నీళ్ళేవో గడ్డేదో తీగకి తెలీదే అమ్మీ. తీగ అబద్ధమాడుతుందా? పక్కకి జరుగు!"

చుక్కలమ్మకి ఒళ్ళు మండింది. ఉప్పురాయి వంక చూసేసరికి అసలు సంగతీ అర్థమైంది. అడవిలోకి పారిపోయి రాకముందు అది ఊరి మేక. సంతరోజున బేరగాడు బక్కమేకలకి ఉప్పు పెట్టి, నీళ్ళు తాగించి నిలబెట్టేవాడు. తెలిసిన కాపరి పొట్టవైపు చూసేవాడే కాదు, వెన్ను తడిమి చూసి దాటిపోయేవాడు. ఇప్పుడీ మాట చెబితే వినేదెవరు? ఇటు మేక నోరు, అటు మంత్రి తీగ.

సాయంత్రం దర్బారులో జంబన్న గొంతు సవరించుకున్నాడు. "మహారాజా, మన రాజ్యంలో పస్తులున్న పిల్లలు నూటికి నాలుగంటే నాలుగు! పక్క అడవుల్లో ముప్పై, నలభై. అంతా ఏలినవారి చలవ!"

సింహం జూలు విదిల్చింది. చుక్కలమ్మ మచ్చడిని వెంటబెట్టుకుని ముందుకొచ్చి వంగి దండం పెట్టింది.

"చల్లని మాట చెప్పారు మంత్రిగారు. ఒక్కటే లోటండీ. అందర్నీ కొలిచి యువరాజావారిని వదిలేశారు. ఆ బాబు ఈ రాజ్యం పిల్లాడు కాదా?"

"నిజమే. కొలువు, జంబన్నా!" అంది సింహం. మహారాణి మురిపెంగా కూనని ముందుకు తోసింది.

సింహం నడుము సన్నమని లోకమంతా పొగుడుతుంది. జంబన్నా ఎన్నోసార్లు పొగిడాడు. తీగ చుట్టాక గానీ ఆ సంగతి గుర్తురాలేదు. యువరాజు పొట్ట కింద తీగ జానెడు వదులుగా వేలాడింది.

"వదులైతే ఏమంటారు మంత్రిగారూ?" అంది చుక్కలమ్మ.

"నా బిడ్డ పస్తా?" మహారాణి గర్జనకి చెట్లమీది పిట్టలు లేచిపోయాయి.

జంబన్నకి ముచ్చెమటలు పోశాయి. "అపచారం తల్లీ! పొట్ట చూసి ఎవరైనా చెబుతారా? పొట్టదేముంది, నీళ్ళు తాగినా నిండుతుంది! వెన్ను తడిమి చూడండి, ఒక్క ఎముకైనా తగుల్తుందేమో..."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఆ మాట ఇంకోసారి సెలవియ్యండి బాబూ. వెనక ఉన్నవాళ్ళకి వినబడలేదు" అంది చుక్కలమ్మ.

మహారాణి కూన వెన్ను నిమిరింది. లేచి వెళ్ళి మచ్చడి వెన్ను మీద పంజా ఆనించింది. ఎముకలు రంపం పళ్ళలా తగిలాయి. ఆవిడా తల్లే. పంజా అక్కడే కాసేపు ఉండిపోయింది.

"మళ్ళీ కొలవండి" అంది. "ఈసారి ఉప్పూ వద్దు, తీగా వద్దు. వెన్నులు తడమండి."

మర్నాడు పొద్దున్నే, చుక్కలమ్మ దగ్గరుండి చూస్తుంటే, జంబన్న ఒక్కో వెన్నూ తడిమాడు. నూటికి నలభై మూడు! సింహం సిగ్గుపడి, స్వయంగా వెళ్ళి కంచకి అడ్డంగా ఉన్న ముళ్ళకంప లాగేసింది. పిల్లలు అరుపులతో లోపలికి దూకాయి. దూకే ఓపిక లేక మచ్చడు నడిచే వెళ్ళాడు గానీ, బయటికొచ్చింది మాత్రం అందరికంటే ఆఖర్న. చుక్కలమ్మ ఏడుస్తూ నవ్వింది. గెలిచింది మరి!

నెల తిరిగేసరికి కంచలో గడ్డి పొట్టిదైపోయింది. జంబన్న ఎక్కడ నక్కినా చెవులు కనబడుతున్నాయి. కుందేళ్ళు దూరం నుంచే "మంత్రిగారూ, బాగున్నారా?" అని పలకరించి పారిపోతున్నాయి. ఒకరోజు ఆకలికి తాళలేక వాగులో గటగటా నీళ్ళు తాగుతుంటే, గంతులేస్తూ పోతున్న మచ్చడు ఆగాడు.

"పొట్ట నిండుగా ఉందే, మంత్రి మావా! ఏదీ, వెన్ను చూపించు!"

నీతి: పిల్లల ఆకలి తెలియాలంటే, ముందు కొలిచేవాడి తీగను కొలవాలి.